ఇరవై గంటల సైన్సు

పదో తరగతి పరీక్షల మీద ప్రభుత్వం ఏ ఉత్తర్వు ఇచ్చినా తెలుగు ఇళ్లలో ముందుగా పుట్టే ప్రశ్నలు మూడే. పేపర్లు ఎన్ని? ఇంటర్నల్ మార్కులు ఉంచారా, తీసేశారా? పాసవడానికి ఎంత రావాలి? సిలబస్‌లో ఏం మారిందన్నది నాలుగో ప్రశ్న. అదీ చాలాసార్లు ‘ఏ పాఠాలు తగ్గించారు?’ అనే వస్తుంది. అడిగేవారిని తప్పుపట్టడానికేమీ లేదు. మెమో మీద పడే అంకెకు పిల్లల బతుకును ముడివేసిన చోట తల్లిదండ్రులు ఆ అంకె గురించే అడుగుతారు. అయితే గడచిన పదేళ్లలో ఈ ప్రశ్నలకు జవాబులు ఎన్నిసార్లు మారాయో వరసగా రాసుకుని చూస్తే, ఇన్ని మార్పుల మధ్య చెక్కుచెదరకుండా ఉండిపోయినదొకటి కంటపడుతుంది. ముఖ్యంగా సైన్సు విషయంలో.

ఆంధ్రప్రదేశ్ సంగతి చూద్దాం. 2019లో ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి, వంద మార్కులకూ రాత పరీక్షే అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు కొవిడ్ వల్ల పరీక్షలే జరగలేదు. 2022లో పేపర్లు ఏడయ్యాయి, అందులో సైన్సువి రెండు. 2023కి ఆరయ్యాయి, భౌతిక రసాయన శాస్త్రమూ జీవశాస్త్రమూ ఒకే పూట రాయాల్సి వచ్చింది. 2024లో మళ్లీ ఏడు. పీఎస్‌కు (భౌతిక రసాయన శాస్త్రం) 50, బీఎస్‌కు (జీవశాస్త్రం) 50, వేర్వేరు రోజుల్లో. రెండూ కలిపి 35 తెచ్చుకుంటే సైన్సు గట్టెక్కినట్టే. ఈలోగా పుస్తకాలూ మారాయి. 2022-23లో ఎనిమిదో తరగతితో మొదలుపెట్టి 2024-25 నాటికి పదో తరగతి దాకా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను తెచ్చారు, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. ఉత్తీర్ణత చూస్తే 2022లో 67.26 శాతం, మరుసటేడు 72.26, ఆ పైయేడు 86.69, 2025లో 81.14. ఈ ఎగుడుదిగుళ్లలో పిల్లల చదువు వాటా ఎంతో, పద్ధతి మార్పుల వాటా ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

తెలంగాణ దారి వేరు. రాష్ట్రం ఏర్పడిన ఏడాది నుంచే అక్కడ 80 మార్కుల రాత పరీక్ష, 20 ఇంటర్నల్స్ అమల్లోకి వచ్చాయి. పదకొండు పేపర్లు ఆరయ్యాయి. సైన్సు రెండు భాగాలనూ మొదట ఒకే పూట మధ్యలో కాస్త విరామమిచ్చి రాయించారు, తర్వాత రెండు రోజులకు విడదీశారు. 2024 నవంబరులో ఇంటర్నల్స్ రద్దు, ఇక వంద మార్కులకూ రాత పరీక్షేనని ప్రకటించారు. విద్యా సంవత్సరం నడుమ ఇదేమిటని గోల రేగడంతో ఆ మార్పును మరుసటి ఏడాదికి జరిపారు. తీరా ఆ ఏడాది వచ్చాక, 2025 ఆగస్టులో, పాత 80-20 పద్ధతే కొనసాగుతుందన్నారు. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగి మెమోల మీదికి వచ్చింది కూడా ఈ మధ్యలోనే.

ఇంటర్మీడియెట్ కూడా దీనికి తీసిపోలేదు. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు మొదటి ఏడాది పబ్లిక్ పరీక్షలు తీసేద్దామా అని జనాభిప్రాయం అడిగింది. వద్దన్న గొంతులే ఎక్కువ కావడంతో ఆ ఆలోచన మానుకుంది. కానీ 2025-26 నుంచి మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చింది. లెక్కల రెండు పేపర్లను ఒకటి చేసింది. తరతరాలుగా వేర్వేరు పుస్తకాలుగా, వేర్వేరు లెక్చరర్లతో నడిచిన బాటనీ, జువాలజీలను కలిపి బయాలజీ అంది. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ కావాలనుకునే పిల్లల కోసం ఎంబైపీసీ అనే కొత్త గ్రూపు తెరిచింది.

వీటిలో దురుద్దేశంతో చేసినది ఒక్కటీ లేదు. పేపర్లు తగ్గించడం పిల్లల మీద బరువు తగ్గించడానికే. సైన్సును రెండు రోజులకు విడదీయడం ఒకే పూట రెండు శాస్త్రాలు రాసే అవస్థ తప్పించడానికే. బాటనీ, జువాలజీలను కలపడం దేశంలో మిగతా పిల్లలు చదివేదే మనవాళ్లూ చదివి నీట్‌కు సమంగా నిలబడాలనే. ప్రతి నిర్ణయానికీ దాని న్యాయం దానికుంది. కానీ ఇన్ని ఉత్తర్వుల్లో ఎక్కడా కనబడని ప్రశ్న ఒకటుంది. పదేళ్లు బడికొచ్చి, పదో తరగతి సైన్సు పాసైన పిల్ల తన చేతులతో ఏం చేసి చూసింది? ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఏ మార్పుతోనూ మారలేదు. మన పదో తరగతిలో ప్రయోగ పరీక్ష లేదు. ప్రయోగమంటూ ఒక్కటీ చేయకుండానే వందకు వంద తెచ్చుకోవడానికి ఏ నిబంధనా అడ్డురాదు.

దీని ఫలితం మన జవాబు పత్రాల్లోనే అచ్చంగా దొరుకుతుంది. కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డై ఆక్సైడ్ అవసరమని నిరూపించే ‘అర్ధపత్ర ప్రయోగం’ ఏళ్ల తరబడి పరీక్షల్లో వస్తున్న ప్రశ్న. కుండీలో మొక్కను కొన్నాళ్లు చీకట్లో ఉంచడం, వెడల్పు మూతి సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ పోసి, బిరడాను చీల్చి, ఆకులో సగం లోపలికీ సగం బయటికీ ఉండేలా బిగించడం, ఎండలో పెట్టడం, ఆ తర్వాత ఆకును ఆల్కహాల్లో ఉడికించి అయోడిన్ చుక్కలు వేయడం. బయటి సగం నల్లబడుతుంది, లోపలి సగం నల్లబడదు. పిల్లలు ఇదంతా పొల్లుపోకుండా రాస్తారు. బొమ్మ ముచ్చటగా గీసి భాగాలు గుర్తిస్తారు. ఆ కింద ‘తీసుకోవలసిన జాగ్రత్తలు’ అని గీత కొట్టి మరీ రాస్తారు: ఆల్కహాలును నేరుగా మంట మీద పెట్టరాదు, నీటి తొట్టెలో ఉంచి వేడిచేయాలి, బిరడా దగ్గర గాలి చొరబడరాదు. ఈ జాగ్రత్తలు రాసేవారిలో ఎంతమంది సారా దీపం వెలిగించి ఉంటారు? ఎన్నడూ చేయని పనికి జాగ్రత్తలు కంఠతా పట్టించడమన్నది మన సైన్సు చదువుకు అద్దం.

అదే ప్రయోగాన్ని నిజంగా చేయబోతే ఏమవుతుందో ప్రయత్నించిన మాస్టార్లకు తెలుసు. బిరడా సందుల్లోంచి గాలి దూరి ఆకు రెండు సగాలూ నల్లబడతాయి. చీకట్లో సరిపడా ఉంచకపోతే పాత పిండిపదార్థమే అయోడిన్‌కు రంగు చూపిస్తుంది. కొన్నిసార్లు ఏ సగమూ నల్లబడదు. అప్పుడు తరగతిలో ‘ఎందుకిలా అయింది సార్?’ అన్న మాట లేస్తుంది. పుస్తకంలోని జవాబు అక్కడ అక్కరకు రాదు. పిల్లలే ఊహించాలి, మళ్లీ కట్టి చూడాలి. ఓమ్ నియమం పాఠమూ అంతే. పుస్తకంలోని పట్టికలో వోల్టేజిని కరెంటుతో భాగిస్తే ప్రతి వరసలోనూ ఒకటే విలువ వస్తుంది. చేతిలో మీటరున్న పిల్లకు అలా ఎప్పటికీ రాదు. ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ. ఆ తేడాను దాచిపెట్టాలా, రాసుకోవాలా, ఎంత తేడా వస్తే తప్పు తనదనుకోవాలి, ఎంత తేడా అయితే సహజమనుకోవాలి అన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది. సైన్సంటే ప్రధానంగా ఆ ఆలోచనే. మన పరీక్షకు దానితో పనిలేదు.

మన పాఠ్యప్రణాళికలు రాసినవారు ఈ సంగతి ఎరగనివారు కారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి ప్రణాళికా చట్రం వెలుగులో వచ్చిన సైన్సు పుస్తకాల్లో ‘విద్యా ప్రమాణాలు’ అని వరుసగా ఇచ్చారు. విషయావగాహన పక్కనే ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు అన్నీ ఉన్నాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకూ చోటిచ్చారు. ఇంటర్నల్స్ పుట్టింది ఇందుకే. పుట్టినదానికి జరిగిందేమిటో అందరికీ తెలుసు. ప్రాజెక్టు చార్టులు స్టేషనరీ దుకాణంలో దొరికాయి. చాలా బడుల్లో తరగతి మొత్తానికి ఇరవైకి ఇరవై పడుతున్నాయన్న విమర్శ బలపడింది. అందుకే తీసేయాలని కొందరన్నారు. తీసేస్తే పేద పిల్లలు నష్టపోతారు, బట్టీ చదువు పెరుగుతుందని మరికొందరన్నారు. రెండు వాదాల్లోనూ నిజముంది. కాకపోతే రెండూ మార్కుల చుట్టూనే తిరిగాయి. మార్కుగా మార్చిన మరుక్షణం ఏ పనికైనా దొంగదారి వెతుకుతారన్న అనుభవం మనకు దండిగా ఉంది. మార్కుతో ముడిపెట్టకుండా ప్రయోగాన్ని తప్పనిసరి చేసే ఉపాయం ఉందా అన్నది అసలు అడగవలసిన మాట.

ఉంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం చాలా ఏళ్లుగా చేస్తున్నది అదే. అక్కడ హైస్కూలు పిల్లలు రాసే రాష్ట్రస్థాయి పరీక్షలను రీజెంట్స్ పరీక్షలంటారు. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ నడుస్తున్న పాత ఏర్పాటు. సైన్సులో ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఒక షరతుంది. విద్యార్థి కనీసం 1200 నిమిషాలు ప్రయోగశాలలో స్వయంగా పనిచేసి ఉండాలి. చేసిన పనికి సంతృప్తికరమైన నివేదికలు రాసి ఉండాలి. ఆ నిమిషాలు నిండకపోతే పరీక్ష హాల్లోకి రానివ్వరు. అదనపు మార్కుల్లేవు, కోత మార్కుల్లేవు. మన దగ్గర హాజరు శాతం చూసి హాల్‌టికెట్టు ఇచ్చినట్టు, వారు ప్రయోగాల హాజరు చూస్తారు. ఆ రాష్ట్రం 2016 డిసెంబరులో కొత్త సైన్సు ప్రమాణాలు ఆమోదించింది. వాటి ప్రకారం తయారైన జీవశాస్త్రం, భూమి-అంతరిక్ష శాస్త్రాల పరీక్షలు 2025 జూన్‌లో తొలిసారి జరిగాయి. పాఠాలు మారాయి, ప్రశ్నల తీరు మారింది, రాష్ట్రం నిర్దేశించిన కొన్ని పరిశోధన పనులు కొత్తగా వచ్చి చేరాయి. 1200 నిమిషాల షరతును మాత్రం కదపలేదు.

అక్కడా ఇప్పుడు పెద్ద మార్పు గాలి వీస్తోంది. డిప్లొమా కావాలంటే రీజెంట్స్ పరీక్షలు పాసవ్వాల్సిందేనన్న నియమాన్ని 2027-28 నుంచి ఎత్తేసే ప్రణాళికను 2024 నవంబరులో ప్రకటించారు. అదే నెల పొరుగునున్న మసాచుసెట్స్‌లో ప్రజలే ఓటేసి, రాష్ట్రస్థాయి పరీక్ష పాసైతేనే హైస్కూలు పట్టా అన్న నిబంధనను తీసేశారు. ఇంగ్లిషు, లెక్కలతో పాటు సైన్సు కూడా ఆ నిబంధనలో ఉండేది. ఒక్క పరీక్షతో పిల్లల తలరాత రాయకూడదని అక్కడి ఉపాధ్యాయులు వాదించారు. కొలబద్దే లేకపోతే బలహీనమైన బడులు ఎవరికీ పట్టకుండా పోతాయని ఎదుటివారు వాదించారు. పరీక్ష పట్టు సడలిస్తే దాన్ని అంటిపెట్టుకుని ఉన్న ప్రయోగాల షరతు కూడా సడలుతుందా అన్నది న్యూయార్క్ ఎదుర్కోవలసిన సూక్ష్మమైన ప్రశ్న. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ మార్పుల మధ్యే చదువుతున్నారు. తాము టెస్ట్ పేపర్లు వల్లించి పైకొచ్చిన తల్లిదండ్రులకు, పిల్లలు చేసే ఈ ప్రయోగాలూ నివేదికలూ మొదట కాలక్షేపంలాగే కనిపించడంలో వింతలేదు.

ఆ 1200 నిమిషాలను మన లెక్కలోకి మార్చుకుంటే ఇరవై గంటలు. నలభై నిమిషాల పీరియడ్లుగా చూస్తే ముప్ఫై. ఏటా 220 పనిదినాలు నడిచే బడిలో వారానికి ఒక పీరియడ్ కూడా పడదు. రెండేసి పీరియడ్లు కలిపి వాడుకుంటే పదిహేను పూటలు. తొమ్మిదిలో పదిహేను, పదిలో పదిహేను అనుకుంటే, ముప్ఫై పనులు తన చేతులతో చేసి చూసిన పిల్ల పబ్లిక్ పరీక్షకు వెళుతుంది. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే అదనపు గంటలు దొరికే చోట, డిసెంబరు దాటితే కొత్త పాఠమన్నదే లేకుండా రివిజన్ల మీద రివిజన్లు నడిచే చోట, ఈ ఇరవై గంటలకు తావు లేదనడం కుదరదు.

ఇదంతా డబ్బున్న దేశపు ముచ్చటని కొట్టిపారేయడానికీ వీల్లేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు పల్లెటూరి బడుల్లో ఒక పని మొదలైంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు సైన్సును ప్రయోగాలు చేస్తూనే నేర్చుకోవాలన్నది దాని సూత్రం. శాస్త్రవేత్తలూ విశ్వవిద్యాలయాల ఆచార్యులూ పల్లె మాస్టార్లతో కలిసి కూర్చున్నారు. వేసవిలో శిక్షణలు, ఏడాది పొడవునా సమావేశాలు, ప్రతి బడికీ ఒక కిట్టు. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని వందల బడులకు తీసుకెళ్లింది. ఎనిమిదో తరగతి చివర పరీక్షలో పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు, దాంతో పాటు ప్రయోగ పరీక్షా ఉండేది. ఊరి బడిలో, రైతు కూలీల పిల్లలకు, మూడు దశాబ్దాలు నడిచింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆగిపోయింది కాబట్టి విఫలమైందనుకోనక్కర్లేదు. మన దేశంలో, మన స్థితిగతుల్లో ఇది జరిగే పనేనని అది తేల్చిచెప్పింది.

మన నేల మీదా ఆనవాళ్లున్నాయి. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి చవక సామానుతో ప్రయోగ నమూనాలు చేసి, వాటిని బళ్లలో వేసుకుని పల్లె బడులకు తిప్పుతోంది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, వారిలో చాలామంది సర్కారు బడి మాస్టార్లే, చెకుముకి పత్రికతో, చెకుముకి పోటీలతో జిల్లాల్లో పిల్లల్ని పోగేస్తూనే ఉన్నారు. ఏటా జరిగే సైన్సు ఫెయిర్లలో మెరికల్లాంటి పిల్లలు కనబడుతూనే ఉన్నారు. లోటల్లా ఒక్కటే. ఇవన్నీ ఇష్టమున్న బడికి, ఓపికున్న మాస్టారికి, ఎంపికైన ఇద్దరు ముగ్గురు పిల్లలకు దక్కుతున్నాయి. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడి వంతు ఎప్పుడూ రాదు. నియమం కావలసింది అతని కోసమే.

ల్యాబులేవీ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎన్నో బడుల్లో ల్యాబంటే తాళం వేసిన బీరువా. పగిలితే ఎవరు కట్టాలన్న భయంతో అద్దాల వెనక నుంచే పిల్లలకు పరికరాలను చూపించడం మనకు కొత్తకాదు. మరోవైపు 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో త్రీడీ ప్రింటర్లూ రోబో కిట్లూ బడులకు చేరుతున్నాయి. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. మంచిదే. కానీ హైస్కూలు సైన్సులో సగానికి పైగా వంటింట్లోనూ పచారీ కొట్లోనూ దొరికే వస్తువులతో అయిపోతుంది. కిళ్లీ కొట్టు సున్నాన్ని నీళ్లలో కలిపి తేర్చి, గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలో ఏముందో చెప్పే పరీక్ష అది. పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు మనందరికీ తెలుసు. పెళ్లిలో పారాణి ఎరుపూ ఆ కలయికలోంచి వచ్చిందే. ఆ నీళ్లలో నిమ్మకాయ పిండితే పసుపు రంగు తిరిగొస్తుంది. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి ఎలా చల్లారుస్తాయో చూపడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎన్ని చుక్కలకు రంగు మారిందో లెక్కపెట్టి రాసుకుంటే కొలత కూడా వచ్చేసింది. మందార రేకలు, బీట్‌రూటు రసం, వంట సోడా, బ్యాటరీ, రాగి తీగ, దిక్సూచి, భూతద్దం. ఒక తరగతికి ఏడాది పొడవునా సరిపోయే ఈ సరంజామా ఖరీదు ఏ బడికీ మోయలేని బరువు కాదు.

మాస్టారు ఒక్కరే, పిల్లలు అరవై మంది అంటారు. ఇదీ నిజమే, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. సైన్సు టీచరు ఖాళీలు నింపకుండా, ల్యాబు పనిలో సాయానికి మనిషినివ్వకుండా కొత్త షరతు పెడితే అది మాస్టారి మెడకు మరో గుదిబండ అవుతుంది. ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు పెట్టే పనితో సగం పొద్దు గడిచిపోతోందని వారు మొరపెట్టుకుంటున్నారు. ఇరవై గంటల నియమం కూడా మరో యాప్‌గా, రోజువారీ ఫొటోగా దిగజారితే ఉన్న కాస్త ఉత్సాహమూ ఆవిరైపోతుంది. జట్టుకు ఐదారుగురు చొప్పున పంచుకుని, రెండు పీరియడ్లు ఒకచోట చేర్చి, అన్ని జట్లకూ ఒకే ప్రయోగం కాకుండా తలా ఒకటి ఇచ్చి వంతులు తిప్పడం అనుభవమున్న మాస్టార్లకు తెలిసిన కిటుకే. టైంటేబుల్లో ఆ వెసులుబాటు ఇవ్వడం వరకు పైవారు చూసుకోవాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మరొకటి. మార్కుల్ని దొంగిలించినవారు నిమిషాల్ని దొంగిలించరా? రికార్డులు ఒకరిది చూసి ఒకరు దింపుకోవడం, బొమ్మలు బాగా గీసే అక్క చేత గీయించుకోవడం ఇంటర్ ప్రాక్టికల్స్‌లో తరతరాల ఆచారం. ఇన్నాళ్లూ ప్రయోగ పరీక్ష రెండో ఏడాదిలోనే, ఒక్కో సబ్జెక్టుకు 30 మార్కులకు ఉంటూ వచ్చింది. అక్కడ దాదాపు అందరికీ నిండుగా మార్కులు పడతాయనీ ఎరుగుదుం. దొంగతనాన్ని పూర్తిగా ఆపలేం. తగ్గించే మార్గాలైతే ఉన్నాయి. రాష్ట్రం నలభై యాభై ప్రయోగాల జాబితా ఇచ్చి, అందులోంచి బడి తనకు వీలైనవి ఎంచుకోనివ్వాలి. పిల్లలు రాసుకునే నోటుబుక్కు అచ్చు రికార్డులా ఉండనక్కర్లేదు. కొట్టివేతలతో, తప్పిన కొలతలతో, ‘రాలేదు’ అన్న మాటతో ఉన్న పుస్తకాన్నే నిజమైనదిగా ఒప్పుకోవాలి. అందరి పుస్తకాల్లోనూ ఒకే అంకెలుంటే అక్కడే అనుమానించాలి. ఏడాది చివర పక్క ఊరి బడి మాస్టారు వచ్చి, ఒక్కో పిల్లను ఒక్క పని చేసి చూపించమని అడగాలి. భూతద్దంతో కిటికీ బొమ్మను గోడ మీద పడేలా చేసి నాభ్యంతరం కొలవమనొచ్చు, బల్బు వెలిగేలా తీగలు కలపమనొచ్చు. పాసూ ఫెయిలూ లేదు. చేతకానివారికి మరో నెల గడువిచ్చి, నేర్పించి, మళ్లీ చూడాలి. షరతు పిల్లల్ని వడపోయడానికి కాకుండా బడి చేత పని చేయించడానికి ఉండాలి.

పదో తరగతి దగ్గరే ఇంత పట్టు దేనికి అనవచ్చు. మన పిల్లల్లో చాలామందికి సైన్సు చదువు అక్కడితో ఆఖరు. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీల్లో చేరేవారు ఆ తర్వాత భౌతికశాస్త్రం పుస్తకం తెరవరు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ తన పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామాన్ని తీసేసినప్పుడు దేశంలోని 1800 మందికి పైగా శాస్త్రవేత్తలూ ఉపాధ్యాయులూ సంతకాలు చేసి నిరసన చెప్పిందీ ఈ కారణంతోనే. పై తరగతుల్లో అది ఉందన్న సమాధానం, పై తరగతుల్లో సైన్సు తీసుకోని పిల్లలకు వర్తించదు. పాఠాలు తగ్గడం పట్ల మనకు కలిగిన ఆ కలవరం, ప్రయోగాలు అసలే లేకపోవడం పట్ల కూడా కలగాలి. మందు సీసా మీది ప్రకటననైనా, ఫోన్లో వచ్చిన వైద్య చిట్కానైనా, బోరు నీళ్లు మంచివో కావో చెప్పేవాడి మాటనైనా ‘ఏదీ, చేసి చూద్దాం’ అనగలిగిన మనిషి డాక్టరూ ఇంజినీరూ కానక్కర్లేదు. బట్టల కొట్లో గుమాస్తా అయినా, ఇంటిని నడిపే ఇల్లాలైనా ఆ గుణం అక్కరకొస్తుంది. అది పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో చేతికి అలవడాలి.

పేపర్లు ఆరుండాలా ఏడుండాలా, ఇంటర్నల్స్ ఉండాలా పోవాలా అన్న చర్చ ఇప్పట్లో తెగేది కాదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా అవీ మారుతుంటాయని మనవాళ్లు అలవాటుపడిపోయారు. ఆ చర్చకు అడ్డుపడకుండా, రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ తమ తర్వాతి ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్చితే చాలు: తొమ్మిది, పది తరగతుల్లో ఏడాదికి ఇరవై గంటలు ప్రయోగాలు చేసిన విద్యార్థే సైన్సు పరీక్షకు అర్హుడని. మొదటి ఏడాది మండలానికి రెండు బడుల్లో మొదలుపెట్టి, ఎదురైన చిక్కులు మాస్టార్ల నోటే విని, సరిదిద్దుకుని రాష్ట్రమంతా పరచవచ్చు. పరీక్ష ఎలా ఉండాలో తేల్చుకోవడానికి మనకు మరో పదేళ్లు పట్టినా పట్టవచ్చు. ఈ ఒక్క పనికి మాత్రం వచ్చే జూన్‌లో బడులు తెరిచే దాకా ఆగితే సరిపోతుంది.